ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్స్ కొనాలంటే: అమెరికా మాసపత్రికా, బ్రిటన్ వారపత్రికా, జపాన్ మాంగానా?

సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూసి ట్రాన్స్‌ఫార్మర్స్ రోబోల మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక కామిక్స్ కూడా చదువుదామని వెతికితే మాత్రం వాళ్ళకు మొదట ఎదురయ్యేది అయోమయం. ఒకే పేరుతో నలభై ఏళ్ళ కామిక్స్ ఉన్నాయి. అమెరికాలో ఒక కథ నడిచింది. బ్రిటన్‌లో ఆ కథకు మరో కథ తోడైంది. జపాన్‌లో మాంగా పేరుతో నడిచిన కామిక్ పూర్తిగా వేరేది. ఆ తర్వాత హక్కులు చేతులు మారినప్పుడల్లా కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఏది కొనాలని అడిగితే "అసలుది అమెరికాదే, దాంతో మొదలుపెట్టండి" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. నా సలహా వేరు. పాత కామిక్స్‌లో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే బ్రిటన్ వారపత్రిక కథలకు పెట్టండి. అది అందరికీ సరిపడదు. ఎవరికి సరిపడదో కూడా చెప్తాను.

ముందు బొమ్మల సంగతి కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. జపాన్‌లో టకారా కంపెనీ 1980లో డయాక్లోన్ అనే బొమ్మల వరుస తెచ్చింది. కార్లుగా, విమానాలుగా మారే రోబోలు అందులోనే వచ్చాయి. తుపాకులుగా, క్యాసెట్ ప్లేయర్లుగా మారేవి ఇంకో వరుస నుంచి వచ్చాయి. అమెరికాలో హాస్‌బ్రో ఈ రెంటినీ తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మింది. బొమ్మలైతే ఉన్నాయి కానీ వాటికి కథ లేదు. ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పజెప్పారు. కథకు మొదటి చట్రం జిమ్ షూటర్ రాశాడు. మంచి రోబోలైన ఆటోబాట్ల నాయకుడికి ఆప్టిమస్ ప్రైమ్ అనే పేరు డెన్నిస్ ఓనీల్ పెట్టింది. మిగతా పాత్రల్లో చాలావాటికి పేర్లు, స్వభావాలు, బొమ్మ పెట్టెల మీది పరిచయాలు ఎడిటర్ బాబ్ బుడియాన్‌స్కీ రాసినవే. కాబట్టి ఏ దేశపు కామిక్ తీసుకున్నా దాని వెనక అమ్ముడుపోవాల్సిన బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ ఒత్తిడిలోనూ ఎవరు మంచి కథ చెప్పగలిగారన్నదే మన ఎంపికకు అసలు కొలత.

అమెరికా మాసపత్రిక

1984 సెప్టెంబర్ తేదీతో, 75 సెంట్ల ధరతో మొదటి సంచిక వచ్చింది. నాలుగు సంచికలతో ముగించాలనే అనుకున్నారు. బాగా అమ్ముడుపోవడంతో కొనసాగించారు. చివరికి 1991 జులై తేదీతో 80వ సంచికతో ఆగింది. ఆ ఆఖరి ముఖచిత్రం మీద "నాలుగు సంచికల పరిమిత సిరీస్‌లో 80వది" అన్న అర్థం వచ్చేలా వేశారు.

ఐదో సంచిక నుంచి 55 దాకా దాదాపు అంతా బుడియాన్‌స్కీ రాశాడు. ఆయన బలం మనుషుల వైపు నుంచి కథ చెప్పడం. భూమ్మీద మామూలు ఊళ్ళోకి ఈ రోబోలు వస్తే మెకానిక్ షెడ్డు నడిపే మనిషి, అతని కొడుకు ఏం చేస్తారు? చెడ్డ రోబోలైన డిసెప్టికాన్ల చేతిలో ఒళ్ళు చచ్చుబడిపోయిన ఒకామె రోబోలన్నిటి మీదా పగబడితే ఏమవుతుంది? ఇలాంటి కథల్లో ఆయన చాలా బాగా రాశాడు. 17, 18 సంచికల్లో కథ రోబోల సొంత గ్రహం సైబర్‌ట్రాన్‌కు వెళ్తుంది. ఓడిపోయిన రోబోల్ని సజీవంగా కరిగించే కొలిమి ఉన్న ఆ రెండు సంచికలు, అమెరికా వరుస మొత్తంలో ఒక్కసారి కూడా వదలకూడనివి.

బలహీనత కూడా అంతే స్పష్టంగా కనబడుతుంది. కొన్ని నెలలకొకసారి కొత్త బొమ్మల గుంపు మార్కెట్లోకి వచ్చేది. వాటన్నిటినీ కథలోకి తేవాలి. దాంతో పాత పాత్రలు పక్కకు పోయేవి, కొత్తవాళ్ళ పేర్ల పరిచయంతోనే సగం పేజీలు అయిపోయేవి. 24వ సంచికలో ఆప్టిమస్ ప్రైమ్ చావు ఒక వీడియో గేమ్ పందెంలో జరుగుతుంది. అంత పెద్ద పాత్రకు అంత చిన్న కారణం చాలదని నేనిప్పటికీ అనుకుంటాను. 30 దాటాక 50 లోపు వచ్చిన సంచికల్లో చాలావాటిని వరసగా చదవడం కష్టం.

56వ సంచిక నుంచి సైమన్ ఫర్మన్ వచ్చాడు. బ్రిటన్ పత్రికలో పేరు తెచ్చుకున్న రచయితను అమెరికా వాళ్ళు తీసుకున్నారు. గ్రహాల్ని మింగే యునిక్రాన్ రాకను 61వ సంచిక నుంచి పేర్చుకుంటూ వచ్చి 75లో తేల్చిన తీరు, ఆండ్రూ వైల్డ్‌మన్, జెఫ్ సీనియర్ గీసిన బొమ్మలు, అన్నీ కలిసి ఈ వరుసలో ఉత్తమ భాగం ఇదే. అమెరికా సంచికలు మాత్రమే కొనేవాళ్ళు 1 నుంచి 24, ఆ తర్వాత 56 నుంచి 80 కొనుక్కుంటే సరిపోతుంది. మధ్యవి తర్వాత చూసుకోవచ్చు.

బ్రిటన్ వారపత్రిక

ఇది పుట్టింది అమెరికా కథల్ని తిరిగి అచ్చువేయడానికి. 1984 సెప్టెంబర్ 20 తేదీతో పక్షపత్రికగా మొదలైంది. అమెరికా సంచికలో ఉండే 22 పేజీల కథను రెండు ముక్కలు చేసి, ఒక్కో సంచికలో 11 పేజీలు వేసేవాళ్ళు. మిగతా పేజీల్లో ఇతర మార్వెల్ కథలు, వ్యాసాలు, ఉత్తరాలు ఉండేవి. ఎనిమిదో సంచికకల్లా నాలుగు అమెరికా సంచికలూ అయిపోయాయి. అక్కడ ఐదోది ఇంకా రాలేదు.

ఏం చేయాలి? సొంతంగా రాయించారు. 9 నుంచి 21 వరకు ప్రధాన కథలన్నీ బ్రిటన్‌లో తయారైనవే. 22లో గానీ అమెరికా కథ మళ్ళీ మొదలవలేదు. 27వ సంచిక నుంచి పత్రిక వారానికొకసారి వచ్చింది, కష్టం ఇంకా పెరిగింది. వారానికి 11 పేజీల లెక్కన ఏడాదికి 572 పేజీలు కావాలి. అమెరికా నుంచి వచ్చేవి 264. అంటే సగానికంటే ఎక్కువ సొంతంగా పూడ్చుకోవాలి, అదీ అమెరికా కథలో ఏదీ చెడకుండా. అక్కడ ఒక పాత్ర స్పృహ తప్పి ఉంటే ఇక్కడ లేచి తిరగకూడదు. అక్కడ ఇంకా రాని బొమ్మ ఇక్కడ కనబడితే, ఎందుకు కనబడిందో కథే చెప్పాలి.

ఈ ఇరుకులోంచి వచ్చిన కథలే నన్ను బ్రిటన్ పక్షాన నిలబెట్టాయి. 9 నుంచి 12 వరకు నడిచిన మొదటి సొంత కథ స్టీవ్ పార్క్‌హౌస్ రాశాడు. ఇంగ్లండ్‌లో ఒక పాత కోట, దాని కింద శతాబ్దాలుగా పూడిపోయి ఉన్న అంతరిక్ష ఓడ, ఊళ్ళో తరతరాలుగా చెప్పుకునే ఇనుప మనిషి, అతన్ని చూసిన ఒక కుర్రాడు. బొమ్మల ప్రకటన వాసన అందులో ఎక్కడా రాదు. భయం, జాలి రెండూ ఉన్న కథ అది. తర్వాత అమెరికా పత్రిక కూడా 33, 34 సంచికల్లో దీన్నే అచ్చువేసుకుంది.

13వ సంచికతో సైమన్ ఫర్మన్ మొదలుపెట్టాడు. ఆయన పనితనం బాగా తెలిసేది 1986లో, 78 నుంచి 88 వరకు పదకొండు వారాలు నడిచిన "టార్గెట్: 2006"లో. ఆ ఏడాది వచ్చిన యానిమేషన్ సినిమాలో కొత్త పాత్రలున్నాయి, వాటి బొమ్మలు అమ్మాలి. సినిమా కథ జరిగేదేమో 2005, 2006 ఆ కాలంలో. అమెరికా పత్రిక తన కథను వర్తమానంలోనే ఉంచుకుని వాటి జోలికి పోలేదు. ఫర్మన్ వాటిని కాలంలో వెనక్కి తెచ్చాడు. భవిష్యత్తులో డిసెప్టికాన్ల నాయకుడైన గాల్వట్రాన్ 1986లోకి వచ్చి పడగానే ఆప్టిమస్ ప్రైమ్, అప్పటి డిసెప్టికాన్ల నాయకుడు మెగాట్రాన్ ఇద్దరూ మాయమైపోతారు. నాయకుడు లేని ఆటోబాట్లు ఏం చేస్తారన్నదే కథ. సైబర్‌ట్రాన్ నుంచి వచ్చిన ఆటోబాట్ అల్ట్రా మాగ్నస్ తనకంటే ఎంతో బలవంతుడైన గాల్వట్రాన్‌తో తలపడే ఘట్టం ఇన్నేళ్ళయినా పాతబడలేదు.

వారపత్రికల్లో సీరియల్ చదివిన మన తరాలకు ఈ పత్రిక లయ వెంటనే పట్టుబడుతుంది. 11 పేజీలు, చివర ఒక మలుపు, వారం రోజుల ఎదురుచూపు. అమెరికా కథను 22 పేజీల్లో ముగించాలి కాబట్టి అది చాలాసార్లు ఆదరాబాదరాగా తేలిపోయేది. ఇక్కడ ఒకే కథకు పది పన్నెండు వారాలు ఇవ్వగలిగారు. ఒక పాత్ర భయపడటానికి, మనసు మార్చుకోవడానికి చోటు దొరికింది.

ఉత్తరాల పేజీ గురించి కూడా చెప్పాలి. పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసేది ఎడిటర్ పేరుతో కాదు, పాత్రల పేరుతో. మొదట్లో సౌండ్‌వేవ్, ఆ తర్వాత గ్రిమ్‌లాక్, ఆ తర్వాత ఇంకొందరు. పిల్లలు కథలో తప్పులు పట్టి రాస్తే గ్రిమ్‌లాక్ తన మొరటు భాషలో జవాబిచ్చేవాడు. ఈ పేజీలు పుస్తకరూపంలో అన్నిసార్లూ రావు. పాత సంచికలే కొనాలి అనడానికి నా దృష్టిలో ఉన్న గట్టి కారణం ఇదే.

ఇక లోపాలు. బ్రిటన్ కథలు ఒంటరిగా నిలబడవు. మధ్యలో వచ్చే అమెరికా కథలు తెలియకపోతే కొన్నిచోట్ల దారి తప్పుతారు. 200వ సంచిక దాటాక పత్రిక చిక్కిపోయింది. సొంత కథలు ఐదారు పేజీలకు, నలుపు తెలుపుకు దిగిపోయాయి. ఎర్త్‌ఫోర్స్ పేరుతో వచ్చిన చిట్టికథలు ఒక్కొక్కటీ సరదాగానే ఉంటాయి కానీ అమెరికా కథతో ఎంత కలిపినా కలవవు. మొత్తం 332 సంచికలతో 1992 జనవరిలో పత్రిక ఆగిపోయింది. కొనేవాళ్ళకు నేను చెప్పేది, మొదటి 205 సంచికల్లోని సొంత కథలు చాలు. 199 నుంచి 205 వరకు నడిచిన కాలయుద్ధం కథతో భవిష్యత్తు పాత్రల గొడవ ఒక కొలిక్కి వస్తుంది, అక్కడ ఆగితే వెలితి ఉండదు.

జపాన్ మాంగా

జపాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ 1985లో మొదలైంది. కొడాన్షా వాళ్ళ "టీవీ మ్యాగజైన్" అనే పిల్లల పత్రికలో నెలనెలా కొద్ది పేజీల మాంగా వచ్చేది. రచన మసుమి కనెడా, బొమ్మలు బన్ మగామి. ఇది చిన్నపిల్లల కోసమే. కథ నేరుగా యుద్ధంలోకి దిగుతుంది, రెండు పేజీల్లో కొత్త ఆయుధం, మరో రెండు పేజీల్లో గెలుపు. పాత్రల మనసులోకి వెళ్ళే తీరిక దానికి లేదు. గీతలో మాత్రం వేగం, ఉత్సాహం ఉన్నాయి. లోహం మెరుపు, చెయ్యి పెట్టేచోట చక్రం ఉండటం లాంటి బొమ్మ వివరాలు మగామి ఎంత శ్రద్ధగా వేశాడో చూస్తే ముచ్చటేస్తుంది.

జపనీస్ రాకపోయినా ఫర్వాలేదు. విజ్ మీడియా 2020 నుంచి గట్టి అట్టల మూడు సంపుటాలుగా ఇంగ్లీషులో తెచ్చింది. కుడి నుంచి ఎడమకు చదవాలి, పిల్లలకు ఆ అలవాటు చాలా తొందరగా వస్తుంది. జపనీస్‌లోనే పాత పత్రికలు కొనాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ ఆప్టిమస్ ప్రైమ్ పేరు కాన్వాయ్, ఆటోబాట్లను సైబర్‌ట్రాన్లు అంటారు, డిసెప్టికాన్లను డెస్ట్రాన్లు అంటారు. ఈ పేర్లు తెలియకుండా ఆన్‌లైన్‌లో వెతికితే కావలసింది కళ్ళముందున్నా కనబడదు.

యూరప్‌లో ఇతర భాషల్లోనూ కామిక్స్ వచ్చాయి. జర్మనీలో కాండోర్ సంస్థ మార్వెల్ కథలతో ఒక కామిక్ పత్రిక నడిపింది. ఇటలీలో ఆప్టిమస్ ప్రైమ్‌ను కమాండర్ అని పిలిచారు. ఇవి ఆ భాషలు నేర్చుకునేవాళ్ళకు మంచివి. కథ కోసమే అయితే వాటి మీద డబ్బు పెట్టనక్కర్లేదు, మూలం ఇంగ్లీషులోనే ఉంది.

కొత్తవి

2005 నుంచి 2022 చివరి దాకా హక్కులు ఐడీడబ్ల్యూ సంస్థ దగ్గర ఉన్నాయి. వాళ్ళ కాలంలో 2012లో జేమ్స్ రాబర్ట్స్ మొదలుపెట్టిన "మోర్ దాన్ మీట్స్ ది ఐ" పెద్దవాళ్ళు చదవదగ్గ సిరీస్. యుద్ధం అయిపోయాక సైనికులు ఏం చేసుకుని బతుకుతారు అనేది దాని విషయం. మాటలెక్కువ, యుద్ధం తక్కువ, స్నేహం గురించి రాసిన భాగాలు కళ్ళు చెమర్చేలా ఉంటాయి. అమెరికా పాత కథ 80వ సంచికతో హఠాత్తుగా ఆగిపోయిందని బాధపడేవాళ్ళ కోసం, అక్కడి నుంచి వందో సంచిక వరకు ఫర్మన్, వైల్డ్‌మన్ జంటతోనే పూర్తి చేయించింది కూడా ఐడీడబ్ల్యూనే.

2023లో హక్కులు స్కైబౌండ్ అనే ప్రచురణ సంస్థకు వెళ్ళాయి. ఆ అక్టోబర్‌లో డేనియల్ వారెన్ జాన్సన్ రాసిన కొత్త సిరీస్ మొదలైంది, మొదటి ఆరు సంచికలకు బొమ్మలూ ఆయనవే. 2024లో కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ కొనసాగుతున్న సిరీస్ ఇదే. పాత కథలేవీ తెలియనక్కర్లేదు. సినిమాలు మాత్రమే చూసినవాళ్ళకు నేను నిస్సంకోచంగా చెప్పేది దీని మొదటి సంపుటమే. రోబోల బరువు, దెబ్బ తగిలినప్పుడు లోహం చీలే తీరు కాగితం మీద ఇంత బాగా వేసినవాళ్ళు తక్కువ. అయితే పదేళ్ళలోపు పిల్లల చేతికివ్వకండి. మొదటి సంచికలోనే అందరికీ ఇష్టమైన ఒక రోబో చనిపోతుంది, మనుషులూ చనిపోతారు.

ఎవరికి ఏది

ఏడెనిమిదేళ్ళ పిల్లలకు విజ్ మాంగా. పక్కన కూర్చుని ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్ళు చదివితే ఇంగ్లీషు చదవడం మీద భయం తగ్గుతుంది. ఒక్కో బుడగలో మాటలు కొన్నే ఉంటాయి. 1980ల మార్వెల్ సంచికలు ఈ పనికి పనికిరావు. వాటిలో ప్రతి గడిలోనూ వర్ణన, ఆలోచనల బుడగలు, సంభాషణ కిక్కిరిసి ఉంటాయి. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఇంగ్లీషు ధారాళంగా వచ్చే పిల్లలకైతే బ్రిటన్ కథలు ఇవ్వండి, వాళ్ళు వదలరు.

సినిమాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు స్కైబౌండ్. కథ లోతు కావాలి, రోబోలు మాట్లాడుకుంటూ కూర్చున్నా ఫర్వాలేదు అనుకునేవాళ్ళకు రాబర్ట్స్ సిరీస్. ఈ విశ్వం ఎలా పెరిగిందో మొదటి నుంచి తెలుసుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం బ్రిటన్ కథలు, వాటి మధ్య అవసరమైనచోట అమెరికావి. చదివే వరస ఇలా పెట్టుకోండి: అమెరికా 1 నుంచి 4, బ్రిటన్ 9 నుంచి 21, మళ్ళీ అమెరికా 5 నుంచి. అక్కడి నుంచి రెండూ పక్కపక్కన పెట్టుకుని అచ్చయిన క్రమంలో చదవడమే.

పాత సంచికలా, సంపుటాలా అంటే, చదవడానికి సంపుటాలే. ఐడీడబ్ల్యూ అమెరికా కథల్నీ, బ్రిటన్ కథల్నీ విడివిడిగా "క్లాసిక్స్" పేరుతో తెచ్చింది. హక్కులు పోయాయి కాబట్టి వాళ్ళు మళ్ళీ అచ్చువేయలేరు, దొరికేవి సెకండ్ హ్యాండ్‌వి, మిగిలిపోయిన కాపీలు. ధర చూసి గాభరాపడి కొనేయకండి, కొన్నాళ్ళు గమనిస్తే తగ్గినప్పుడు దొరుకుతాయి. కొనేముందు విషయసూచిక ఫొటో పంపమని అడగండి. స్పైడర్‌మ్యాన్ కనబడే అమెరికా మూడో సంచిక, డెత్స్ హెడ్ అనే కిరాయి వేటగాడు వచ్చే బ్రిటన్ కథలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ పాత్రలు హాస్‌బ్రోవి కావు, మార్వెల్‌వి. డెత్స్ హెడ్ మొదట కనబడింది బ్రిటన్ 113వ సంచికలో, 1987లో. ఆ వేటగాడు లేని సంపుటం కొంటే గాల్వట్రాన్ కథ సగమే చదివినట్టు.

బ్రిటన్ నుంచి పాత వారపత్రికలే తెప్పించుకోవాలనుకుంటే ఒక్కొక్కటిగా కాకుండా కట్టలుగా తెప్పించండి, పోస్టు ఖర్చు సంచిక ధరను మించిపోతుంది. కస్టమ్స్ సుంకం పడుతుందేమో ముందే లెక్కలో వేసుకోండి. అమ్మేవాళ్ళను అడగాల్సినవి మూడు: మధ్య పేజీలు ఊడిపోయాయా, పోటీల కూపన్లు ఎవరైనా కత్తిరించారా, పిన్నులు తుప్పు పట్టాయా. కూపన్ వెనక కథ పేజీ ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. ఆ కాగితం నాసిరకం న్యూస్‌ప్రింట్, ఎండ తగిలితే గోధుమరంగుకు తిరిగి పెళుసైపోతుంది. మన కోస్తా ఊళ్ళ తేమలో బూజు పడుతుంది, పిన్నుల తుప్పు పేజీలకు అంటుతుంది. ఆమ్లం లేని అట్టముక్కతో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో గోడకు ఆనకుండా నిలబెట్టి ఉంచండి. వానాకాలంలో నెలకొకసారి బయటికి తీసి, నీడలో ఫ్యాన్ గాలికి కాసేపు ఆరబెట్టండి.